విదేశం నుంచి సొంత ఊరికి: ప్రయాణం తలపెట్టిన రోజు నుంచి తిరిగి విమానం ఎక్కేదాకా

విదేశంలో స్థిరపడిన తరువాత సొంత ఊరికి వెళ్ళి రావడం, పైకి చూస్తే, టికెట్టు కొని పెట్టె సర్దుకుంటే తెమిలిపోయే పనిలా ఉంటుంది. వెళ్ళి వచ్చినవారిని అడిగితే మాత్రం చాలామంది ఒకే మాట చెబుతారు: సెలవు నాలుగు వారాలైనా, ఊళ్ళో గడిపింది నాలుగు రోజులు కూడా లేదని. వీసా స్టాంపింగు (అమెరికా కాన్సులేటులో కొత్త వీసా వేయించుకోవడం), హైదరాబాదులో బట్టల కొనుగోళ్ళు, తిరుపతి, రెండు పెళ్ళిళ్ళు, మధ్యలో పిల్లల జ్వరం, వీటన్నిటికీ రోజులు పోగా మిగిలినవి ఊరికి దక్కుతాయి. ఈ వరుసను తిరగేసి, ముందు ఊరికి రోజులు కేటాయించి, మిగతా పనులను వాటి చుట్టూ అమర్చుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ మార్గదర్శి. అమెరికాలో ఉంటూ గోదావరి, కృష్ణా డెల్టా గ్రామాలకు వెళ్ళేవారిని ప్రధానంగా దృష్టిలో పెట్టుకున్నాను; ఇతర దేశాల నుంచి వచ్చేవారికి వీసా సంగతులు మారతాయి గాని, ఊళ్ళో చేయవలసిన పనులు పెద్దగా మారవు.

మొదటి అడుగు: కాలాన్ని ఎంచుకోవడం

అమెరికా బడి సెలవులకూ మన పంచాంగానికీ పొత్తు కుదరదు. అక్కడ పెద్ద సెలవులు రెండే సార్లు వస్తాయి: జూన్ నుంచి ఆగస్టు మధ్య దాకా ఒకసారి, క్రిస్మస్ వేళ మరొకసారి. డిసెంబరు నడిమి నుంచి భోగి దాకా ధనుర్మాసం కాబట్టి ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చేయరు. జూలై ప్రాంతంలో ఆషాఢం వస్తుంది, అప్పుడూ ముహూర్తాలుండవు. అందువల్ల దగ్గరివారి పెళ్ళి చూడాలన్నదే ప్రధాన ఉద్దేశమైతే, ముహూర్తం నిశ్చయమైన తరువాతే టికెట్టు కొనాలి. పిల్లల బడికి వారం పది రోజులు సెలవు పెట్టవలసి వస్తుందని ముందే అనుకోవాలి.

పెళ్ళితో పని లేకపోతే, డిసెంబరు ఆఖరి వారంలో దిగి సంక్రాంతి దాకా ఉండటం అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. ఎండ ఉండదు, దోమలు కొంత తక్కువ, సార్వా పంట ఇంటికి వచ్చి ఉంటుంది, బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఉన్న బంధువులందరూ పండుగకు తామే ఊరికి వస్తారు. మీరు పది ఊళ్ళు తిరగకుండానే పది ఊళ్ళ వారూ మీ ఊళ్ళోనే కలుస్తారు. దీనికి మూల్యం విమాన చార్జీల్లో తెలుస్తుంది. డిసెంబరు టికెట్లు ఎప్పుడూ ఖరీదే.

ఏప్రిల్, మే నెలలు పెద్దవారికీ పిల్లలకూ కష్టం. ఎండ ఒక్కటే కాదు, వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి డెల్టా గ్రామాల్లో చెరువు నీటి మీదే ఆధారపడవలసి ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం ఉంది. మామిడిపండ్ల కోసం మేలో వెళ్ళేవారిని ఆపడం ఎవరి తరమూ కాదు గనుక ఆ సంగతి వదిలేస్తున్నాను.

రెండో అడుగు: కాగితాలు

ఈ పని టికెట్టు కొనక ముందే చేయాలి. ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ ముందు పెట్టుకుని, ప్రయాణం ముగిసే తేదీ తరువాత కనీసం 6 నెలల గడువు ఉందో లేదో చూసుకోవాలి.

అమెరికా ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ మీద ఉన్నవారికి అసలు చిక్కు వీసా స్టాంపింగు. పాస్‌పోర్టులో ఉన్న స్టాంపు తేదీ దాటిపోయి ఉంటే, హెచ్-1బీ ఆమోదం తెలిపే ఐ-797 కాగితం చేతిలో ఉన్నా, భారతదేశం నుంచి తిరిగి వెళ్ళడానికి కొత్త స్టాంపు తప్పనిసరి. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి వచ్చే డ్రాప్‌బాక్స్ సౌకర్యం హెచ్-1బీ వారికి దాదాపు లేకుండా పోయింది. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, వారి కుటుంబసభ్యుల హెచ్-4 వీసాల దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను కూడా పరిశీలించడం మొదలుపెట్టడంతో, అప్పటికే ఖరారైన ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కు జరిగి, సెలవు మీద వచ్చినవారు ఉద్యోగానికి తిరిగి వెళ్ళలేక ఊళ్ళోనే ఆగిపోయారు. కాబట్టి స్టాంపు అవసరమైనవారు ఈ ప్రయాణాన్ని సెలవుగా కాక, ఎంతకాలం పడుతుందో తెలియని పనిగా భావించి, అవసరమైతే కొన్ని వారాలు భారతదేశం నుంచి పనిచేయడానికి కంపెనీ ఒప్పుకుంటుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకుని బయలుదేరాలి. ఒప్పుకోకపోతే, స్టాంపు గడువు మిగిలి ఉన్న ఏడాదిలోనే ఊరి ప్రయాణం పెట్టుకోవడం వివేకం. తెలుగు రాష్ట్రాల వారికి హైదరాబాదులోని కాన్సులేటే దగ్గర. అది 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. దానికి వెళ్ళవలసిన రోజును ప్రయాణం మొదట్లోనే ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే పాస్‌పోర్టు తిరిగి చేతికి రావడానికి పట్టే రోజులను మీరు ఊళ్ళో గడిపేయవచ్చు.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి స్టాంపు బెడద లేదు. అయితే అమ్మానాన్నలను చూసుకోవడానికి ఎక్కువ కాలం ఉండదలచినవారు, 6 నెలలు దాటితే పౌరసత్వానికి కావలసిన నివాసపు లెక్క తెగిపోవచ్చుననీ, ఏడాది దాటే పక్షంలో బయలుదేరక ముందే, తిరిగి రావడానికి అనుమతినిచ్చే రీఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవాలనీ గుర్తుంచుకోవాలి.

అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పాత భారతీయ పాస్‌పోర్టును అప్పగించి, పౌరసత్వం వదులుకున్నట్టు ధ్రువపత్రం తీసుకోవాలి. అది లేకుండా, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు రాదు. అక్కడే పుట్టిన పిల్లలకు ఓసీఐ గాని, ఈ-వీసా గాని ఉండాలి. ఓసీఐకి వారాలు పడుతుంది కాబట్టి వ్యవధి లేకపోతే ఈసారికి ఈ-వీసాతో వెళ్ళి రావడమే నయం. ఓసీఐ ఉన్న పిల్లలకు కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ, 20 ఏళ్ళ వయసు వచ్చేదాకా, దాని వివరాలను ఆన్‌లైన్లో చేర్చాలి; 20 నిండిన తరువాత కార్డునే ఒకసారి కొత్తగా తీసుకోవాలి. తొలి ఓసీఐ కార్డులను 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలోనే అందజేశారు. ఆ తొలినాళ్ళలో పసివయసులో కార్డు పొందిన పిల్లలు ఇప్పుడు సరిగ్గా ఈ వయసుకు వచ్చారు, వారి కార్డులను ఒకసారి తీసి చూడండి.

మూడో అడుగు: దారి

అమెరికా నుంచి హైదరాబాదుకు దుబాయ్, దోహా, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వచ్చేవారే ఎక్కువ. వీసా స్టాంపు గడువు ముగిసినవారు యూరప్ విమానాశ్రయాల మీదుగా టికెట్టు కొనే ముందు, అక్కడ విమానం మారడానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో ఎయిర్‌లైన్సును అడిగి తెలుసుకోవాలి. ఢిల్లీ, ముంబైల మీదుగా వచ్చేవారు తొలుత దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేసుకుని, పెట్టెలు తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. రెండు విమానాలకు మధ్య రెండు గంటలే ఉన్న టికెట్టు చవకగా కనిపించినా, చిన్నపిల్లలతో అది సాహసమే. భారతీయ పౌరులూ ఓసీఐ ఉన్నవారూ ముందుగా నమోదు చేసుకుంటే ఈ-గేట్ల ద్వారా త్వరగా బయటపడే ఏర్పాటు 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో హైదరాబాదు, చెన్నై, బెంగళూరు సహా మరో ఏడు విమానాశ్రయాలకు వచ్చింది.

హైదరాబాదు నుంచి ఊరికి వెళ్ళే దారి గురించి విమానం గురించి ఆలోచించినంతగా ఎవరూ ఆలోచించరు. గన్నవరం, రాజమహేంద్రవరం, విశాఖపట్నం, రేణిగుంట విమానాశ్రయాల్లో మీ ఊరికి ఏది దగ్గరైతే అక్కడికి వేరొక విమానం ఎక్కడం, ఇరవై గంటల ప్రయాణం తరువాత మళ్ళీ ఐదారు గంటలు కారులో కూర్చోవడం కన్నా సుఖం. అయితే దేశీయ విమానాల్లో సామాను బరువు పరిమితి తక్కువ. అంతర్జాతీయ టికెట్టులోనే ఆ చివరి విమానాన్ని కూడా కలిపి కొంటే ఆ ఇబ్బంది చాలావరకు ఉండదు. రైలు కావాలంటే, రిజర్వేషన్లు ఇప్పుడు 120 రోజుల ముందు కాక 60 రోజుల ముందు మాత్రమే మొదలవుతాయి. ఈ మార్పు 2024 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. సంక్రాంతి రోజులకు గౌతమి, గోదావరి, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లలో బెర్తులు మొదటి రోజునే అయిపోతాయి. తత్కాల్ మీద ఆశ పెట్టుకోవద్దు, 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్ టికెట్టుకు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి. కారులోనే వెళ్ళదలిస్తే, భోగికి ముందు రెండు రోజులు విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు వద్ద వాహనాలు బారులు తీరి ఉంటాయి కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాలి.

నాలుగో అడుగు: డబ్బు, ఫోను

ఇప్పుడు ఊళ్ళో కొబ్బరిబోండాల బండి దగ్గర కూడా డబ్బు ఫోనులోనే చెల్లిస్తున్నారు. విదేశీ కార్డు అక్కడ పనికిరాదు. 2023 జనవరిలో అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, గల్ఫ్‌లోని యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్‌లతో పాటు హాంకాంగ్‌లోని ఫోను నంబర్లతో కూడా ప్రవాసులకు బ్యాంకులిచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల మీద యూపీఐ వాడుకోవడానికి అనుమతి ఇచ్చారు. మీ బ్యాంకు ఈ సౌకర్యం ఇస్తున్నదీ లేనిదీ బయలుదేరక ముందే ప్రయత్నించి చూసుకోవాలి. విదేశం వెళ్ళక ముందు తెరిచిన మామూలు పొదుపు ఖాతాను అలాగే వాడుతున్నవారు చాలామంది ఉన్నారు. చట్టప్రకారం దాన్ని ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి, ఈ ప్రయాణంలో ఆ పని పెట్టుకోండి.

పాత భారతీయ నంబరును బతికించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. బ్యాంకుకూ, ఆధార్‌కూ, పాన్‌కూ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. రీఛార్జ్ మానేస్తే కొంతకాలానికి అది మరొకరి చేతికి పోతుంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు ఆధార్ కోసం భారతదేశంలో 182 రోజులు నివాసం ఉండేదాకా ఆగనవసరం లేదు, దిగిన మరునాడే నమోదు చేసుకోవచ్చు. ఓసీఐ వారికి మాత్రం ఆ నివాస నిబంధన ఉంది.

పాత బీరువాలో 2016కు ముందటి 500 రూపాయల నోట్లు దొరికితే జ్ఞాపకంగా దాచుకోవడం తప్ప చేయగలిగింది లేదు. ప్రవాసులు భారతదేశానికి వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ తమతో 25,000 రూపాయల దాకా నోట్లు ఉంచుకోవచ్చు. డాలర్ల నోట్లు 5,000 దాటితే దిగిన చోట కస్టమ్స్ వారికి ప్రకటించాలి.

ఐదో అడుగు: ఆరోగ్యం

సొంత ఊరికే కదా అని డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా బయలుదేరడం ప్రవాసుల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. మనకు చిన్నప్పుడున్న ఓర్పు పదేళ్ళు బయట ఉంటే మిగలదు, పిల్లలకైతే అసలే లేదు. టైఫాయిడ్ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకుని, హెపటైటిస్-ఎ టీకా పడిందో లేదో చూసుకుని, 6 నుంచి 11 నెలల పసిపిల్లలకు తట్టు టీకా ముందస్తు మోతాదు గురించి పిల్లల డాక్టరును అడిగి బయలుదేరాలి. ఊరికి వెళ్ళిన తొలి వారంలో కాచి చల్లార్చిన నీళ్ళు గాని సీలు వేసిన సీసా నీళ్ళు గాని తాగాలి. చెరకు రసం, ఐసు వేసిన షర్బతు, కోసి ఉంచిన పండ్లు పిల్లలకు పెట్టకూడదు. బంధువులు నొచ్చుకుంటారని మొహమాటపడేవారికి ఒక ఉపాయం: ఎవరింటికి వెళ్ళినా కొబ్బరిబోండం అడగండి, ఇంటివారికి సంతోషం, మీకు నిశ్చింత.

వీధికుక్కల సంగతి పిల్లలకు విమానంలోనే చెప్పాలి. అక్కడి అలవాటు కొద్దీ కనిపించిన ప్రతి కుక్కనూ నిమరబోతారు. కరిచినా, గోళ్ళతో గీరినా, గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగి, ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో ఆసుపత్రికో తీసుకువెళ్ళి రేబిస్ టీకా వేయించాలి. రేపు చూద్దామని ఆగకూడదు.

ఆరో అడుగు: పెట్టెల్లో ఏమి పెట్టాలి

చాక్లెట్లు, బాదంపప్పు, సెంటు సీసాలు, విటమిన్ మాత్రలు అని ఎప్పటి నుంచో సాగుతున్న జాబితా ఒకటి ఉంది. వీటిలో చాలావరకు ఇప్పుడు భీమవరంలోనూ తెనాలిలోనూ దొరుకుతాయి. అందరికీ ఒకే రకం పంచడం కన్నా, పెద్దవారు నలుగురైదుగురికి వారి అవసరం కనుక్కుని తీసుకువెళ్ళడం మంచిది: మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మకు మెత్తటి బూట్లు, చూపు మందగించిన తాతయ్యకు వెలుగుతో ఉన్న భూతద్దం. మిగతావారికి ఇచ్చేదేదైనా ఊళ్ళోనే కొనవచ్చు. 110 వోల్టులకే పనిచేసే జుట్టు ఆరబెట్టే పరికరాలు, మిక్సీలు తీసుకువెళ్ళవద్దు, ఇక్కడి 230 వోల్టులకు కాలిపోతాయి.

ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవారు నగల రూపంలో, మగవారైతే 20 గ్రాములు, ఆడవారైతే 40 గ్రాముల బంగారం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. పెద్దలకు ఒక ల్యాప్‌టాప్, రెండు లీటర్ల దాకా మద్యం కూడా సుంకం లేనివే. ఈ-సిగరెట్లు 2019 నుంచి దేశమంతా నిషిద్ధం. కొండలెక్కేవారు వాడే ఉపగ్రహ సంకేత పరికరాలు, శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుండా వెంట ఉంటే విమానాశ్రయంలోనే కేసు అవుతుంది. వీపు సంచి అడుగున మరిచిపోయి ఉంటే తీసేయండి.

ఏడో అడుగు: రోజులను పంచుకోవడం

ఈ మార్గదర్శిలో ఒక్క సలహానే పాటించగలిగితే, దీన్నే పాటించమంటాను: విమానం దిగి నేరుగా ఊరికి వెళ్ళండి. హైదరాబాదులో రెండు రోజులు విశ్రాంతి తీసుకుని వెళదామనుకుంటే, ఆ రెండు రోజుల్లో ఫోన్లు మొదలై, కొనుగోళ్ళు మొదలై, రెండు నాలుగవుతాయి. పైగా నిద్ర తేడా తీరడానికి ఊరిని మించిన చోటు లేదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే ఊళ్ళో అప్పటికే ఎవరో ఒకరు లేచి ఉంటారు, మధ్యాహ్నం రెండింటికి కన్ను మూతపడితే ఎవరూ ఏమీ అనుకోరు.

సెలవులో సగం రోజులు ఊరికి కేటాయించి, వాటిని రెండు ముక్కలు చేయడం మంచిది. మొదటి ముక్క రాగానే, రెండోది తిరుగు ప్రయాణానికి ముందు. మధ్యలో తిరుపతి, అత్తవారి ఊరు, హైదరాబాదు పనులు పెట్టుకోవాలి. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దేవస్థానం నెలల ముందే ఆన్‌లైన్లో విడుదల చేస్తుంది కాబట్టి అది విమాన టికెట్టు కొన్న వెంటనే చూసుకోవలసిన పని. భార్యాభర్తల ఊళ్ళు వేరైతే, ఎవరి ఊళ్ళో ఎన్ని రోజులన్నది బయలుదేరక ముందే తేల్చుకుని రెండు ఇళ్ళకూ ఒకే మాట చెప్పాలి. ఇక్కడ లెక్క తప్పితే వచ్చే గొడవ గురించి తెలియనివారు ఉండరు.

వారానికి కనీసం రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచండి. ఊళ్ళో మనుషులు చెప్పి రారు. పొలం నుంచి వస్తూ అరుగు మీద కూలబడి మాట్లాడేవారూ, ఇడ్లీ పిండి గిన్నెతో వచ్చి గంటసేపు కూర్చునే పక్కింటి పిన్నీ మీరు ఇంట్లో ఉంటేనే కలుస్తారు. మీ రాక వారికి తెలిసేలోపే మీరు కారెక్కితే, అమెరికా నుంచి వచ్చి మొహం కూడా చూపించలేదన్న మాట ఏళ్ళపాటు మిగిలిపోతుంది.

ఎనిమిదో అడుగు: పలకరింపులు, పరామర్శలు

బయలుదేరడానికి వారం ముందు అమ్మతోనో అక్కతోనో కూర్చుని, మీరు కిందటిసారి వచ్చినప్పటి నుంచి ఊళ్ళో, బంధువుల్లో ఎవరెవరు పోయారో, ఎవరి ఆరోగ్యం బాగాలేదో, ఎవరింట్లో పెళ్ళిళ్ళు, పుట్టుకలు జరిగాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఇది రాసుకోకుండా వెళ్ళి, నిరుడు పోయిన మనిషి ఎలా ఉన్నాడని ఆయన భార్యనే అడిగినవారు ఉన్నారు.

పరామర్శలు ముందు ముగించాలి. ఏ వారం వెళ్ళవచ్చో, ఏ వారం కూడదో ఊరికీ ఇంటికీ మారుతుంది కాబట్టి ఇంట్లో పెద్దవారిని అడిగే బయలుదేరాలి. అక్కడి నుంచి నేరుగా మరొకరింటికి వెళ్ళకుండా ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోవడం, లేచేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకపోవడం మన వైపు ఆనవాయితీ. పిల్లలను తీసుకువెళ్ళాలా అన్నది పోయినవారి వయసునూ, ఆ ఇంటి పరిస్థితినీ బట్టి ఉంటుంది. ఎక్కువ మాట్లాడవలసిన పని లేదు, అరగంట కూర్చుంటే చాలు.

తరువాత పెద్దవయసువారి ఇళ్ళు. మంచం పట్టిన మేనత్తనో, చదువు చెప్పిన పాత మాస్టారినో చూడటానికి చివరి రోజు దాకా ఆగకండి. కుదిరితే వారి దగ్గర మీ నాన్నగారి చిన్ననాటి సంగతులు అడిగి ఫోనులో రికార్డు చేసుకోండి, అయితే ముందుగా వారికి చెప్పి. భోజనం వేళకు వెళితే భోంచేయకుండా రానివ్వరు. రోజుకు మూడు ఇళ్ళు చూడాలనుకుంటే సాయంత్రం నాలుగు తరువాత బయలుదేరాలి. బొట్టు పెట్టి చీరో, జాకెట్టు గుడ్డో చేతికిస్తే వద్దనకూడదు. ఇచ్చే స్తోమత లేని ఇల్లని మీకు తెలిసినా వద్దనకూడదు, అలాంటి చోట వద్దనడమే అవమానం. ఆ ఇంటి పిల్లల చేతిలో కొంత డబ్బు పెట్టి రావచ్చు.

పిల్లలకు వరసలు ముందే నేర్పాలి. ఫోటోలు చూపించి, ఈయన పెదనాన్న, ఈమె నాయనమ్మ చెల్లెలు అని వారం రోజులు ఆటలా చెబితే, వెళ్ళిన తరువాత అందరినీ ఆంటీ, అంకుల్ అనకుండా ఉంటారు. తెలుగు తడబడుతుంటే నవ్వేవారు ఉంటారు. ఆ నవ్వులో ద్వేషం లేదని పిల్లలకు చెప్పి, అక్కడి ఈడు పిల్లలతో వదిలేయండి.

తొమ్మిదో అడుగు: అమ్మానాన్నల పనులు

వారికి వాడుతున్న మందులన్నిటినీ ఒక చోట పరిచి, పేర్లు, మోతాదులు, ఎవరు రాశారన్నది రాసుకోవాలి. ఒకే మందును రెండు కంపెనీల పేర్లతో ఇద్దరు డాక్టర్లు రాసి ఉండటం అరుదు కాదు. రక్తపరీక్షలు, కళ్ళు, పళ్ళు, చెవులు, వీటికి పట్టణంలో రెండు రోజులు చాలు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా చికిత్సకు అర్హత ఉంది. ఆధార్‌తో ఆ కార్డు తీయించి పెట్టండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ, జారని పలకలు, మంచం పక్కన రాత్రి దీపం, ఇవి మీరు ఉండగానే మేస్త్రీని పిలిచి చేయించాలి. ఫోనులో చెప్పి చేయించుకునే పనులు కావవి.

బ్యాంకు ఖాతాల్లో నామినీలు ఎవరున్నారో అడగడానికి చాలామంది మొహమాటపడతారు. 2025 నవంబరు నుంచి ఒక ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది కాబట్టి ఆ మాటతో మొదలుపెడితే అడగడం సులువు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ ద్వారా కరెంటు బిల్లులు, కొన్ని ధ్రువపత్రాలు ఇంటి నుంచే చూసుకోవచ్చు, దాన్ని నాన్నగారి ఫోనులో పెట్టి ఒకసారి చేయించి చూపించండి.

పదో అడుగు: పొలం, ఇల్లు

ఊరికి వచ్చిన తొలి రోజుల్లో ఆస్తి మాటలు ఎత్తకూడదు. వచ్చింది ఇందుకా అనిపిస్తుంది. పలకరింపులన్నీ అయిన తరువాత, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ ఒకచోట ఉన్నప్పుడు, నాన్నగారితోనే ఎత్తించడం పద్ధతి.

దీనికి ముందు రికార్డులు చూసి ఉండాలి. ఆంధ్రలో మీభూమి వెబ్‌సైటులో భూమి సాగు, హక్కుల వివరాలుండే అడంగల్, 1బి తీసి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిపోయాయో లేదో చూడాలి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లు పోయి కొత్త భూభాగపు నంబర్లు వచ్చాయి, విస్తీర్ణంలో తేడాలున్నచోట అర్జీ పెట్టుకోవాలి. తెలంగాణలో భూమి రికార్డులకు ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి, ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కూడా తీయండి. మీ పొలం మీద మీకు తెలియని తనఖా ఉంటే అందులో బయటపడుతుంది.

ఇక్కడ ప్రవాసులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం, ప్రవాస భారతీయులు గాని ఓసీఐ ఉన్నవారు గాని భారతదేశంలో వ్యవసాయ భూమిని కొనకూడదు, గిఫ్టు దస్తావేజు ద్వారా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. కొడుకు వచ్చిన పదిహేను రోజుల్లో పొలం రాసిచ్చేద్దామని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకువెళ్ళే తండ్రులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. ఆ దస్తావేజు రిజిస్టరైనా తరువాత చిక్కు తెస్తుంది. సాగుభూమి విషయంలో వీలునామా రాసి రిజిస్టరు చేయించడమే సరైన దారి. ఇల్లు, నివేశన స్థలం అయితే గిఫ్టుగా పుచ్చుకోవచ్చు, కొనవచ్చు కూడా.

కౌలు రైతుతో మాట్లాడటం పంట ఇంటికి వచ్చిన తరువాతే బాగుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకు కార్డు వస్తుంది, దానితో అతనికి బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం అందే వీలుంటుంది. సంతకం పెడితే భూమి పోతుందని భయపడి యజమానులు వెనుకాడతారు. ఆ చట్టం భూమి మీద యజమానికున్న హక్కును తాకదు. ఏళ్ళ తరబడి మీ పొలం చూసుకుంటున్న మనిషికి ఆ సంతకం పెట్టి రావడం న్యాయం.

మీరు లేనప్పుడు పనులు నడవడానికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వదలిస్తే, ఊళ్ళో ఉండగానే రిజిస్టరు చేయించడం సులువు. అమెరికా వెళ్ళిన తరువాత రాసేదైతే కాన్సులేటులో ధ్రువీకరించిగాని, ఇతర దేశాల్లో చెల్లే ధ్రువీకరణ అయిన అపోస్టిల్ వేయించిగాని పంపాలి, భారతదేశానికి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. సర్వాధికారాలు ఇచ్చే పత్రం వద్దు. ఏ పనికో, ఏ సర్వే నంబరుకో, ఎంత కాలానికో స్పష్టంగా రాయించండి. ఇచ్చేది సొంత తమ్ముడికైనా ఇంతే, అతనికీ అదే క్షేమం.

పదకొండో అడుగు: తిరుగు ప్రయాణం

చివరి మూడు రోజుల్లో కొత్త ఇళ్ళకు వెళ్ళడం పెట్టుకోవద్దు, ఊళ్ళోనే ఉండండి. పచ్చళ్ళు, పొడులు అందరూ తెచ్చిపెడతారు, పెట్టె బరువు తూచే యంత్రం ఉంటే ఈ సమయంలో దాని విలువ తెలుస్తుంది.

ఆవకాయ, గోంగూర, కారప్పొడి, బందరు లడ్డు, తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు సీలు వేయించి, చెకిన్ పెట్టెలో పెట్టి, అమెరికాలో దిగినప్పుడు ప్రకటిస్తే ఇబ్బంది ఉండదు. కోడి, వేట మాంసం పచ్చళ్ళు అమెరికాలోకి రానివ్వరు. తాజా కరివేపాకు కూడా రానివ్వరు. నిమ్మజాతి తోటలను నాశనం చేసే పురుగు దాని మీద వస్తుందని అక్కడి వ్యవసాయ శాఖ భయం. పండ్లు, విత్తనాలు, మొక్కలు అంతే. ఏదైనా తెస్తే దాచకుండా ప్రకటించాలి, ప్రకటించిన వస్తువును తీసుకుని వదిలేస్తారు గాని, దాచినదానికి జరిమానా వేస్తారు. కోనసీమ వారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఎండుకొబ్బరి గురించి: నూనె ఎక్కువగా ఉండి తేలికగా అంటుకునే సరుకు కాబట్టి ఎండుకొబ్బరిని చేతి సంచిలోనూ, చెకిన్ పెట్టెలోనూ విమానంలోకి అనుమతించరు. పొడి చేసి పచ్చడిలోనో లడ్డులోనో కలిపితే పెద్దమ్మ మాట దక్కుతుంది.

బయలుదేరే ముందు రోజు రాత్రి ఊళ్ళో ఒప్పుకున్న పనులన్నీ, బడికి ఇస్తామన్న కంప్యూటరు, గుడి మండపానికి రాసిన చందా, మేనల్లుడి ఫీజు, తేదీలతో సహా రాసుకుని, అందుకు కావలసిన బ్యాంకు ఖాతాల వివరాలు అప్పుడే తీసుకోండి. అమెరికా చేరిన తొలి వారంలో ఆ డబ్బు పంపేయాలి. రెండో వారానికి ఆఫీసు పని మీద పడుతుంది, తరువాత ఊరివారు గుర్తు చేయడానికి మొహమాటపడతారు.